నాలుగేళ్ల ఐస్‌లాండిక్ ఆడగుర్రం: జీను వేయనిస్తుంది, ఎక్కితే కొయ్యబారిపోతుంది

సెల్ఫాస్_నుంచి:

అందరికీ నమస్కారం. ఐస్‌లాండ్ దక్షిణాన సెల్ఫాస్ ఊరి దగ్గర ఉంటున్నాం. గుర్రాలతో పని చేసిన మనవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చదవండి.

నా గుర్రం పేరు బ్లేస. ఎర్రది, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్ల పట్టీ. అలాంటి ముఖం ఉన్న ఆడగుర్రానికి ఇక్కడ ఆ పేరు పెడతారు. జూన్‌తో నాలుగేళ్లు నిండాయి. మందలోనే పెరిగింది. డెక్కలు చెక్కినప్పుడు, పురుగు మందు పట్టినప్పుడు తప్ప మనిషి చెయ్యి పెద్దగా తగల్లేదు దానికి.

ఆగస్టు మొదట్లో నేర్పడం మొదలుపెట్టాను. ఇక్కడ దీన్ని ఫ్రుమ్‌తామ్‌నింగ్ అంటారు. పక్క పొలం పెద్దావిడ వయసంతా గుర్రాలతోనే గడిపింది, కంచె దగ్గర నిలబడి ఎలా చేయాలో చెప్తుంది. చెప్పింది చేస్తాను. కానీ లోపలున్న భయాన్ని ఆమె భాషలో చెప్పుకోవడం నాకింకా చేతకాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మొదటి వారం తాడు పట్టుకుని నడిపించాను. రెండో వారం దుప్పటి, జీను. పొట్ట పట్టీ ఒక్కో రంధ్రమే బిగించుకుంటూ వచ్చాను. మూడో వారం పొడవాటి పగ్గాలు కట్టి వెనక నడుస్తూ తోలాను, కుడికీ ఎడమకీ చక్కగా తిరిగింది. నాలుగో వారం జీను మీద అడ్డంగా బోర్లా పడుకుంటే మెడ తిప్పి నా బూటు వాసన చూసింది. ఆ రోజు నాకెంత సంతోషమో.

పోయిన శనివారం కాలు అటు వేసి కూర్చున్నాను. అంతే, రాయి. ఊపిరి బిగబట్టింది, నా మోకాళ్ల కింద పొట్ట డప్పులా గట్టిపడింది. పెద్దావిడ “కదిలించు” అంది, నేను మడమలతో నొక్కాను. రెండు గెంతులు గెంతి, ఒక పక్క కాళ్లు రెండూ కలిపి వేస్తూ ఒంటెలా ఊగుతూ పరిగెత్తింది. పడలేదు, దిగిపోయాను. తర్వాత రెండు రోజులు నన్ను దగ్గరికి రానివ్వలేదు. రోజూ గేటు దగ్గరికి తనే వచ్చే పిల్ల. అది నన్ను చాలా బాధపెట్టింది.

నేను 54 కిలోలు, జీను 8. బ్లేస దాదాపు 340. బరువు ఎక్కువైందా? ఆ ఊగుడు నడకను ఇప్పుడే ఆపాలా, లేక టోల్ట్, అంటే ఈ జాతికి పేరు తెచ్చిన కుదుపు లేని నడక, అలాగే వస్తుందా? చలికాలం దగ్గరపడుతోంది, ఇంక వదిలేయాలా?

దాపటెద్దు:

అమ్మా, నాకు గుర్రాలు తెలియవు. మాది ప్రకాశం జిల్లా, ఒంగోలు ఎడ్లతో పెరిగాను. నాన్న కోడెకు కాడి నేర్పేటప్పుడు దాపట పాత ఎద్దును కట్టి, కోడెను వెలపట కట్టేవాడు. ముందు ఉత్త కాడితో ఊరి చుట్టూ తిప్పడం, తర్వాత చిన్న మొద్దు కట్టి లాగించడం, బండి అన్నిటికన్నా ఆఖరు. కోడె బెదిరితే నాన్న దాన్ని ఏమీ అనేవాడు కాదు, పాత ఎద్దును అదిలించేవాడు. అది అడుగేస్తే కోడె కూడా వేసేది. మీ దగ్గర పాత గుర్రం ఏదైనా ఉందా?

ఉత్తరగాలి:

పైన అన్నగారు చెప్పిందే నా సమాధానంలో సగం. నేను ఉత్తర ఐస్‌లాండ్‌లోని స్కాగాఫ్యోర్దుర్‌లో మూడు చలికాలాలు గుర్రాల కొట్టంలో పనిచేశాను, ఇప్పుడు ఉత్తర జర్మనీలో ఉంటున్నా.

అక్కా, ముందు బరువు సంగతి. నువ్వూ జీనూ కలిపి 62 కిలోలు, దాని బరువులో 18 శాతం. హోలార్ విశ్వవిద్యాలయం వాళ్లు ఐస్‌లాండిక్ గుర్రాల మీద 20 నుంచి 35 శాతం దాకా బరువు పెట్టి టోల్ట్‌లో పరీక్షించారు. బరువు పెరిగేకొద్దీ గుండె వేగం, కండరాల శ్రమను చూపించే లాక్టేట్ రక్తంలో పెరిగాయి. నీది ఆ లెక్కకు కింద ఉంది. కానీ అవి నేర్చిన గుర్రాలు. నీ పిల్ల ఎముక ఇంకా ముదరలేదు, ఈ జాతి ఏడేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎక్కితే పది నిమిషాలు, అంతే.

ఇప్పుడు అసలు విషయం. అది మొండికేయలేదు, భయపడింది. నాలుగు వారాలూ నువ్వు దాని పక్కనో వెనకో ఉన్నావు. శనివారం ఒక్కసారిగా నెత్తి మీద కనబడ్డావు, అదీ రెండు కళ్లలో. ఎడమ కంట్లో ఉన్న మనిషి కుడి కంట్లోకి వచ్చేసరికి చాలా పిల్ల గుర్రాలు అలాగే బిగుసుకుంటాయి. మంద మీద పైనుంచి పడేది ఏదైనా వాటికి శత్రువే కదా. రేపటి నుంచి కంచె పై కమ్మీ మీద కూర్చో. దాన్ని కింద నిలబెట్టి అటు వీపు, ఇటు వీపు నిమురు. పీట వేసుకుని కుడి వైపు నుంచి కూడా బోర్లా పడుకో. మనం అన్నీ ఎడమ నుంచే చేస్తాం, కుడి పక్క దానికి కొత్త ప్రపంచం.

బిగుసుకున్న గుర్రాన్ని మడమలతో నొక్కకూడదు. ఊపిరి ఆపిన ఒంటికి ముందుకు పొమ్మంటే అది పైకి లేస్తుంది. ఒక పగ్గం మెల్లగా పక్కకి తెరువు, ముక్కు అటు తిరుగుతుంది, ముందు కాలు ఒక్కటి పక్కకి పడుతుంది. పడగానే పగ్గం వదిలేయ్, మెడ గోకు. ఒక్క అడుగు చాలు ఆ రోజుకి. ముక్కులోంచి బుర్రుమని ఊపిరి వదిలిందా, దిగిపో.

తర్వాత పాత గుర్రం. పెద్దావిడను దాని మీద ఎక్కించి, బ్లేసను ఖాళీ జీనుతో పక్కన నడిపించమను. రికాబులు పొట్టకు తగులుతూ ఊగాలి. నాలుగైదు రోజులయ్యాక నువ్వు ఎక్కు, తాడు ఆమె చేతిలోనే ఉండాలి. ముందు నడిచే గుర్రం చూసుకుంటుంది మిగతాది. స్కాగాఫ్యోర్దుర్‌లో నేను చూసిన మంచి మొదలులన్నీ ఇలాగే జరిగాయి. గుండ్రటి దొడ్డిలో గిరగిరా తిప్పితే పిల్లకు విసుగు, దారి మీద పడితే దానికే ఉత్సాహం వస్తుంది.

ఆ ఊగుడు నడక టోల్ట్ కాదు. టోల్ట్‌లో నాలుగు కాళ్లూ విడివిడిగా ఒకదాని వెంట ఒకటి పడతాయి, నాలుగు దెబ్బలూ వినపడాలి. నీకు వినపడింది రెండే. వీపు బిగుసుకుంటే ఒక పక్క కాళ్లు కలిసిపోతాయి. అందుకే ఇప్పుడు టోల్ట్ మాటే ఎత్తకు. నడక, తర్వాత వదులుగా బ్రోక్, అంటే ఒక ముందు కాలూ దానికి అవతలి పక్క వెనక కాలూ జతగా పడే పరుగు. ఊగడం మొదలెడితే నడకకు తీసుకురా, కోప్పడకు. కొన్నిటికి అది పుట్టుకతోనే ఉంటుంది. 2012లో స్వీడన్ పరిశోధకులు డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో మార్పు కనుక్కున్నారు. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే గుర్రం పేస్ వైపు, అంటే ఒక పక్క కాళ్లు రెండూ కలిపి వేసే పరుగు వైపు మొగ్గుతుంది, బ్రోక్ కుదరడానికి ఎక్కువ ఓపిక కావాలి. జూలు వెంట్రుకలు పంపితే పరీక్ష చేస్తారు. ఐస్‌లాండిక్ గుర్రాల వంశ వివరాలుండే వరల్డ్‌ఫెంగుర్ వెబ్‌సైట్‌లో దాని తల్లిదండ్రుల మార్కులు కూడా ఒకసారి చూడు.

హెల్మెట్ లేకుండా, కింద మనిషి లేకుండా ఎక్కొద్దు. ఇది బతిమాలి చెప్తున్నా.

పశువుల_డాక్టర్:

తల్లీ, నోరు చూపించారా? ఈ వయసులో చివరి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. పై దవడ పళ్ల ముందు గింజంత పన్ను ఉంటుంది కొన్నిటికి, దాన్ని తోడేలు పన్ను అంటారు. కళ్లెం ఇనుము దానికి తగిలితే తల ఎగరేస్తుంది, వీపు బిగిస్తుంది. చూపించేదాకా కళ్లెం తీసేసి తలతాడుకే పగ్గాలు కట్టండి. జీను కింద కూడా అరచెయ్యి పెట్టి చూడండి. ఈ గుర్రాల వీపు వెడల్పు, ఇరుకు జీను భుజం ఎముక మీద నొక్కుతుంది.

సెల్ఫాస్_నుంచి:

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

డాక్టర్ గారూ, ఉంది. పైన ఎడమ పక్క, కందిగింజంత. మత్తిచ్చి తీశారు. పది రోజులు నోట్లో ఏమీ పెట్టలేదు.

తమ్ముడూ, కంచె మీద కూర్చున్న మొదటి రోజు కింద నిలబడి వణికింది. మూడో రోజు నా మోకాలికి నుదురు రుద్దింది. పెద్దావిడకు దాపటెద్దు గారి నాన్న సంగతి వచ్చీరాని ఐస్‌లాండిక్‌లో చెప్పాను. ఆమె నవ్వి, మాట్లాడకుండా తన పద్దెనిమిదేళ్ల నల్ల గుర్రానికి జీను వేసింది. దాని పక్కన బ్లేస ఖాళీ జీనుతో వాగు దాకా వెళ్లొచ్చింది. ఆరో రోజు నేను ఎక్కాను. బిగుసుకుంది. నల్లది ముందుకు నడిచింది, ఇది ముక్కు చాచి ఒక అడుగు, మరో అడుగు. వాగు దగ్గర బుర్రుమని తుమ్మింది. అక్కడే దిగి నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.

మొత్తం పదకొండు సార్లు ఎక్కాను. రెండుసార్లు బ్రోక్ వచ్చింది, ఒక్కోసారి ఇరవై అడుగులు ఉంటుందేమో. ఊగుడు ఇంకా ఉంది, ముఖ్యంగా ఇంటి దారి పట్టినప్పుడు. నిన్న లాడాలు తీయించి మందలో వదిలాం. జూలు వెంట్రుకలు ఒక కవరులో పెట్టి ఉంచాను, సోమవారం పంపిస్తాను. ఈ రోజు సాయంత్రం ఊరికే చూద్దామని వెళ్తే, మంద వదిలి గేటు దాకా వచ్చింది.