జపాన్ సుషీ హోటల్‌లో సోయా, శాకాహారం, బిల్లు సంగతి

ప్రశ్న: టోక్యోలో పళ్ళేలు బెల్టు మీద తిరిగే మామూలు సుషీ హోటల్‌కి వెళ్తున్నాం. సోయా సాస్‌లో ముంచితే అన్నం ఎందుకు విడిపోతుంది? మాలో ఒకరు చేపా గుడ్డూ ముట్టరు, ఆవిడకేం చెప్పాలి?

జవాబు 1: అన్నం వైపు ముంచితే అంతేనండి. నిగిరి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన సుషీ, దాని అన్నాన్ని గట్టిగా పిసకరు, లోపల గాలి ఆడేలా వదులుగా ఒత్తుతారు. సోయా తగలగానే పీల్చుకుని మెతుకులుగా రాలిపోతుంది. ముక్కని పక్కకి పడుకోబెట్టి, చేప అంచుని మాత్రం తాకించండి. చేత్తో తినొచ్చు, మనకి కొత్తేం కాదు. నోరి అనే సముద్రపు నాచు రేకు చుట్టి పైన చేపగుడ్లు పెట్టే గుంకన్‌ని ముంచడం కుదరదు. అల్లం ముక్కని సోయాలో తడిపి పైన రాయండి. వసాబి, అంటే ముక్కుకెక్కే ఘాటు పచ్చ ముద్ద, వద్దంటే ‘సబి నుకి’ అనాలి.

జవాబు 2: ఆవిడకి కప్పామాకి, అంటే కీరా రోల్, అన్నిటికంటే నయం. ఇనారి (వేయించిన టోఫు సంచిలో అన్నం), కాన్ప్యో (ఎండబెట్టిన సొరకాయ) రోల్ చూడ్డానికి శాకాహారమే గానీ, మామూలుగా దాషిలో ఉడికిస్తారు. దాషి అంటే ఎక్కువగా ఎండబెట్టిన కత్సువో చేప నుంచి తీసిన రసం. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌దీ అదే కథ. ‘శాకాహారి’ అంటే సరిపోదు, ‘దాషి మో దామే దెసు’ (దాషి కూడా వద్దు) అని చెప్పండి.

జవాబు 3: బల్ల దగ్గరి నల్లాలో వచ్చేది మరిగే నీళ్ళు, టీ కోసం. చేతులు కడగబోయారో, బొబ్బలే! కప్పులో గ్రీన్ టీ పొడి కొంచెం వేసి నింపుకోవడమే. తీసిన పళ్ళేన్ని మళ్ళీ బెల్టు మీద పెట్టకండి. చాలా చోట్ల పళ్ళెం రంగుని బట్టే ధర, ఖాళీవి పేర్చి ఉంచితే లెక్కేస్తారు. టిప్పు అక్కర్లేదు.