క్యులిసిఫేసీస్ దోమకు జన్యు గుర్తులు: ముందుగా ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
మన పల్లెల్లో మలేరియాను ఎక్కువగా వ్యాపింపజేసే అనాఫిలిస్ క్యులిసిఫేసీస్ నిజానికి ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు సోదర జాతుల సముదాయమని, కంటికి అవన్నీ ఒకేలా ఉంటాయని చదివాను. వేర్వేరు జిల్లాల దోమల మధ్య జన్యు సంబంధాన్ని తెలుసుకునేందుకు మైక్రోశాటిలైట్ గుర్తులు (డీఎన్ఏలో చిన్న అక్షరాల వరుస పదేపదే వచ్చే చోట్లు; ఎన్నిసార్లు వచ్చిందన్నది దోమకూ దోమకూ మారుతుంది) తయారు చేయదలచాను. అనుభవజ్ఞులు దయచేసి దారి చూపగలరు.

జవాబు 1:
ముందు జాతిని తేల్చుకోండి. బి జాతి చాలాచోట్ల మలేరియాను పెద్దగా మోయదు. రామేశ్వరం దీవిలోనూ శ్రీలంకలోనూ ఇ జాతే ప్రధాన వాహకం. ఒకప్పుడు జాతిని తేల్చడానికి, రక్తం తాగి గుడ్లు సగం ఎదిగిన ఆడదోమ అండాశయం నుంచి పాలిటీన్ క్రోమోజోములను (పట్టీలు స్పష్టంగా కనిపించే పెద్ద క్రోమోజోములు) తీసి, వాటి పట్టీలలో తలకిందులైన భాగాలను (పట్టీల వరుస తిరగబడిన చోట్లను) సూక్ష్మదర్శినిలో వెతకవలసి వచ్చేది. ఇప్పుడు 28ఎస్ అనే రైబోజోమ్ జన్యువుపై చేసే పీసీఆర్‌తో (డీఎన్ఏలో కావలసిన ముక్కకు అనేక నకళ్లు తీసే పద్ధతి) ఎ, డి ఒక గుంపుగా, బి, సి, ఇ మరో గుంపుగా విడిపోతాయి.

జవాబు 2:
ఆ తలకిందులైన భాగాలలో పడే గుర్తులను విడిగా లెక్కించండి. అక్కడ పునఃసంయోగం (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) అణగి ఉంటుంది కనుక, జనాభాల మధ్య లేని జన్యు దూరం ఉన్నట్టు తోస్తుంది. అంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి: ప్రైమర్ (పీసీఆర్ మొదలయ్యేందుకు వాడే చిన్న డీఎన్ఏ ముక్క) అతుక్కునే చోట ఉత్పరివర్తన (డీఎన్ఏలో మార్పు) ఉంటే ఒక యుగ్మవికల్పం (ఆ గుర్తుకున్న రూపాల్లో ఒకటి) అసలు కనిపించదు, విషమయుగ్మజమైన (రెండు వేర్వేరు రూపాలున్న) దోమ సమయుగ్మజంగా (రెండూ ఒకే రూపమైనట్టు) నమోదవుతుంది. కొత్త ప్రైమర్లను తల్లిదోమపైనా దాని సంతానంపైనా పరీక్షించి చూడనిదే నమ్మవద్దు.