మేడిగడ్డలో మళ్లీ నీళ్లు నిలిపితే సిరోంచకు మేలా, కీడా?

సిరోంచ పంతులు
రోహిణి కార్తెలో ప్రాణహిత ఇసుకలో చెలిమలు తోడుకుంటాం. పునర్వసు, పుష్యమి కార్తెలు వచ్చేసరికి అదే నది ఊళ్లోకి వస్తుందేమోనని రాత్రిళ్లు లేచి చూసుకుంటాం. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దిగువన, 2019 జూన్‌లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాయి. ఆ తరువాత నీటిని ఖాళీ చేశారు, జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ సూచన మేరకు గేట్లు ఎత్తి ఉంచారు. మరమ్మతు చేసి మళ్లీ నింపాలన్న మాట వినిపిస్తున్నది కనుక, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా వైపు ఒడ్డున ఉన్న మనం ఏమి కోరాలో ఇక్కడ చర్చించుకుందాం. పార్టీల మాటలు మాత్రం ఇందులోకి తేవద్దని మనవి.

నల్లరేగడి రైతు
పంతులు గారూ, నేను వద్దంటాను. నది పొంగి గట్టు దాటి వస్తే అది ఎవరి తప్పూ కాదు, తాతల నాటి నుండి చూస్తున్నదే. మా చేను నదికి దూరంగా, వాగు పక్కన ఉంది. 2022 జులైలో నీరు నది వైపు నుండి రాలేదు, వాగులో నుండి ఎగదన్నింది. కిందికి పారవలసిన వాగు చెత్తనూ నురుగునూ మోసుకుంటూ పైకి నడిచి రావడం నా కళ్లతో చూశాను. మూడో రోజుకు పత్తి మొక్క తల వాల్చింది, అయిదో రోజుకు పీకితే వేరు తోలు ఊడి చేతికి వచ్చింది. నీరు తీసిన తరువాత చూస్తే దిగువ మడిలో మోకాలి లోతు ఇసుక మేట.

విశ్రాంత జలవనరుల ఉద్యోగి
తమ్ముడి నష్టాన్ని నేను కాదనడం లేదు గాని, కారణం విషయంలో లెక్క చూడాలి. మేడిగడ్డ నిండా నింపితే పట్టేది 16.17 టీఎంసీలు. 2022 జులైలో అక్కడ 28 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారింది. ఆ వేగంతో ఖాళీ బ్యారేజీ నిండడానికి గంటన్నర కంటే కొద్దిగా ఎక్కువ సమయం చాలు. అంత చిన్న గిన్నె అంత పెద్ద వరదను ఆపనూ లేదు, పుట్టించనూ లేదు. పైగా 2016 ఆగస్టులో ముంబైలో తెలంగాణ, మహారాష్ట్ర చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడి పూర్తి నీటి మట్టం 100 మీటర్లు. పెద్ద వరదలో నది దానికంటే ఎన్నో మీటర్లు పైన పారుతుంది. ఆ ఏడాది కడెం, ఎల్లంపల్లి మీదుగా గోదావరీ, ఇటు ప్రాణహితా ఒకేసారి పొంగినందువల్ల సంగమం దగ్గర ఒక నది మరొక నదిని నిలువరించింది. భద్రాచలంలో ఆ జులైలో 71.3 అడుగులు నమోదైతే, 1986 ఆగస్టులో, మేడిగడ్డ బ్యారేజీ లేని కాలంలో, 75.6 అడుగులు నమోదైంది.

నల్లరేగడి రైతు
సారు చెప్పిన లెక్క తప్పని నేను అనను, అది పెద్ద వరదకు సంబంధించిన లెక్క. నా ప్రశ్న మధ్యరకం వరద గురించి. రెండు, మూడు లక్షల క్యూసెక్కులు వచ్చే రోజులు ప్రతి వానాకాలంలో ఎన్నో ఉంటాయి. అటువంటప్పుడు కింద నీటిని 100 మీటర్ల దగ్గర పట్టి ఉంచితే, వాగు నోరు మూసుకుపోయి, మా చేల మీద పడిన వాన ఎటు పోవాలి? నీరు ఎంత ఎత్తు వచ్చిందన్నది భద్రాచలానికి ముఖ్యం. ఎన్ని రోజులు నిలిచిందన్నది పత్తికి ముఖ్యం. వరి నాలుగు రోజులు ఓర్చుకుంటుంది, పత్తి ఓర్చుకోదు.

కాళేశ్వరం ఒడ్డు
అన్నా, మా వైపు నుండి ఒక మాట. నీళ్లు నిలిచిన ఆ నాలుగేళ్లలో వేసవిలో మా బావులలో ఊట తగ్గలేదు. ఇప్పుడు ఏప్రిల్ దాటితే మోటారు పావుగంట పోసి ఆగిపోతున్నది. మీ వైపు అట్లా లేదా?

మిర్చి కల్లం
ఎందుకు లేదు తమ్ముడూ, ఒడ్డున మోటారు పెట్టుకోగలిగిన వాళ్లకు ఆ నీరు బాగానే అందింది. మెట్ట మీద ఉన్న మాకు మాత్రం చుక్క రాలేదు, ఇప్పుడూ రాదు. చంద్రపూర్, గడ్చిరోలి ఎండలు మీకు తెలియనివి కావు. 45 డిగ్రీల ఎండలో మిర్చి కోసి కల్లంలో ఎండబెడితే, సాయంత్రం ఈదురుగాలితో వడగళ్లు పడి, ఎర్రగా ఉన్న కాయ రెండు రోజుల్లో తాలు కాయ అవుతుంది. ఆ నష్టానికి పంచనామా రాయించడం మరొక కథ. సాత్‌బారాలో, అంటే మా పహాణీలో, ఏ పంట నమోదై ఉంటే దానికే పరిహారమట, కల్లంలో ఉన్నది పంట కాదట! బ్యారేజీ కట్టినా, కట్టకపోయినా మా వేసవి ఇంతే. అందుచేత వేసవి నీటి ఆశ చూపి వానాకాలపు ముంపును ఒప్పుకోమంటే నాకు గిట్టుబాటు అనిపించడం లేదు.

సిరోంచ పంతులు
అక్క మాట నన్ను ఆలోచింపజేసింది. నేను మరొకటి కలుపుతాను. మన వరద మన వానతో రాదు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది, అది నీరు తెచ్చుకునే పరివాహకం లక్ష చదరపు కిలోమీటర్లకు పైమాటే. 2020 ఆగస్టు చివరి వారంలో మధ్యప్రదేశ్‌లో వానలు కురిసి, భండారా జిల్లాలోని గోసీఖుర్ద్ ఆనకట్ట 33 గేట్లూ ఎత్తితే, ఇటు వైన్‌గంగ ఒడ్డు ఊళ్లు మునిగాయి. అక్కడ వదిలిన నీరు ఇక్కడికి చేరడానికి కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో కింది గేట్లు ఎవరు, ఎప్పుడు ఎత్తుతారన్నదే అసలు ప్రశ్న అని నాకు తోస్తున్నది.

విశ్రాంత జలవనరుల ఉద్యోగి
అయితే పరిష్కారం దగ్గరలోనే ఉంది. మృగశిర నుండి సెప్టెంబరు చివరి దాకా గేట్లు పూర్తిగా ఎత్తి ఉంచి, అక్టోబరులో తగ్గుముఖం పట్టిన నీటిని పట్టి వేసవికి దాచుకోవాలి. వాగులు నిరాటంకంగా పారతాయి, బావులలో ఊట ఉంటుంది.

నల్లరేగడి రైతు
సారూ, వినడానికి బాగుంది గాని, మీరే ఆలోచించండి. మేడిగడ్డ నుండి కన్నెపల్లి పంపులు తెలంగాణకు ఎత్తిపోసేది ప్రధానంగా వానాకాలపు ప్రాణహిత నీటినే. గేట్లన్నీ ఎత్తి ఉంచితే పంపులకు కావలసిన మట్టం ఎట్లా నిలుస్తుంది? అంత ఖర్చుతో మరమ్మతు చేసినవాళ్లు జులైలో నీటిని ఊరికే పోనిస్తారా? వేసవి నీరు మాకు, వానాకాలపు నీరు ఎవరికీ కాదు అన్న ఒప్పందం మీద సంతకం పెట్టే ప్రభుత్వం నాకు కనబడడం లేదు.

విశ్రాంత జలవనరుల ఉద్యోగి
ఈ అభ్యంతరం సరైనదే, నేను తొందరపడ్డాను. అట్లయితే గేట్లు పూర్తిగా ఎత్తడమా, పూర్తిగా దించడమా అని కాక, వానాకాలంలో 100 మీటర్ల కంటే తక్కువగా ఒక పై హద్దు పెట్టుకోవచ్చు. ప్రాణహిత మీద టేక్డా దగ్గర కేంద్ర జలసంఘం కొలత కేంద్రం ఉంది. అక్కడ ఫలానా మట్టం దాటిన వెంటనే, కింద నీరు పెరిగేదాకా చూడకుండా, గేట్లు ముందుగా ఎత్తాలన్న నియమం రాసుకోవాలి. పంపులకు కొంత నష్టం ఉంటుంది, ఒప్పుకోక తప్పదు.

మిర్చి కల్లం
ఆ మట్టం మాకు ఎట్లా తెలుస్తుంది? సెల్లుకు వచ్చే సందేశం వాన పడిన రోజే రాదు, ఆ రోజు టవరే ఉండదు.

నల్లరేగడి రైతు
అక్క అడిగినదే నా షరతు కూడా. ప్రతి వాగు నోటి దగ్గర ఒక రాతి స్తంభం పాతి, టేక్డాలో ఎంత ఉంటే ఇక్కడ ఎంత వస్తుందో గీతలు గీయించి, ఆ గీత దాటినా గేట్లు దించి ఉన్న రోజులకు పంచనామా లేకుండానే పరిహారం ఇస్తామని ఒప్పందంలో రాయించండి. అట్లా రాసిన కాగితం చూపిన రోజు మరమ్మతుకు నేనూ ఒప్పుకుంటాను. అప్పటిదాకా గేట్లు ఎత్తే ఉండనివ్వండి.