మొదటి వాచీ: ఆటోమేటిక్ కొనాలా, క్వార్ట్జ్ చాలా?

కొత్తచెయ్యి:
ఇన్నాళ్లూ టైము ఫోన్‌లోనే చూసుకునేవాణ్ణి. ఇప్పుడొక మంచి వాచీ కొనాలని ఉంది. ఆఫీసుకైనా ఫంక్షన్లకైనా అదొక్కటే. మా ఆఫీసులో వాచీల పిచ్చి ఉన్న ఒకాయన "కొంటే ఆటోమేటిక్ కొను, క్వార్ట్జ్‌ది అసలు వాచీయే కాదు" అని తేల్చేశారు. సెల్ వేసి నడుపుకునే వాచీలో అంత తప్పేముందో నాకు తెలీలేదు. మీరేమంటారు?

సెకన్లముల్లు:
ఆయన కాస్త ఘాటుగా అన్నారు గానీ నాదీ అదే మాట. వెనకవైపు అద్దం ఉన్న ఆటోమేటిక్ ఒకటి తిప్పి చూడండి. లోపల బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది. చాలా వాచీల్లో అది గంటకి 21,600 లేదా 28,800 దెబ్బలు కొడుతుంది. అంటే సెకనుకి ఆరో ఎనిమిదో చిన్న చిన్న అడుగులు, అందుకే సెకన్ల ముల్లు జారిపోతున్నట్టు ఉంటుంది. సెల్ లేదు, చిప్ లేదు. మీ చెయ్యి కదిలితే రోటర్ అనే బరువు తిరుగుతుంది, అది స్ప్రింగ్‌ని చుడుతుంది, అంతే. టైము ఒక్కటే కావాలంటే ఫోన్ ఉండనే ఉందిగా.

అరవైలెక్క:
ఈ మురిపెం అంతా మొదటి సోమవారం దాకానే అండీ.

మామూలు ఆటోమేటిక్‌కి ఓ 40 గంటల నిల్వ ఉంటుంది. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే ఆదివారం ఆగిపోతుంది. సోమవారం ఆఫీసుకి బయల్దేరే హడావిడిలో టైము పెట్టాలి, తేదీ పెట్టాలి. తేదీ కూడా ఎప్పుడంటే అప్పుడు తిప్పేస్తే కుదరదు. చాలా వాటిలో రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3, 4 దాకా తేదీ మార్చే పళ్లచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, అప్పుడు బలవంతంగా తిప్పితే పళ్లు దెబ్బతింటాయి. మరి ఆగిపోయిన వాచీ పది చూపిస్తుంటే అది పగటి పదా, రాత్రి పదా? తేదీ మారేదాకా ముళ్లని ముందుకి తిప్పి, అక్కణ్ణుంచి ఆరుకి తెచ్చి, అప్పుడు తేదీ సరిచేసుకోవాలి. కొత్తవాళ్లకి ఇదెవరూ చెప్పరు.

కచ్చితత్వం సంగతి సరేసరి. ఎన్నో వాచీల్లో కనిపించే సీకో ఎన్‌హెచ్35 మెషీన్‌కి కంపెనీ చెప్పే లెక్కే రోజుకి -20 నుంచి +40 సెకన్లు. వాచీల కచ్చితత్వాన్ని పరీక్షించే స్విట్జర్లాండ్ సంస్థ కోస్క్ సర్టిఫికెట్ పొందిన మెకానికల్ (సెల్ లేకుండా స్ప్రింగుతో నడిచే) వాచీ‌కి కూడా రోజుకి -4 నుంచి +6. మామూలు క్వార్ట్జ్‌కి నెల మొత్తానికీ ఓ 15 సెకన్లు అటూ ఇటూ! అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. లోపలి చిప్ ఆ అంకెని 15 సార్లు సగం చేస్తుంది, సరిగ్గా ఒకటి వస్తుంది. ముల్లు సెకనుకోసారి గెంతేది అందుకే. 1969 డిసెంబర్ 25న సీకో ఆస్ట్రాన్‌తో క్వార్ట్జ్ మొదటిసారి చేతికి ఎక్కింది. దాన్ని పట్టుకుని వాచీయే కాదంటే ఎలా?

మణికట్టు:
ఇద్దరూ లోపలి మెషీన్ దగ్గరే ఆగిపోయారు. కొత్తచెయ్యి గారూ, చేతికి కుదరకపోతే ఏ మెషీనైనా బీరువాలోనే నడుస్తుంది.

అందరూ డయల్ ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతారు. మీరు పై లగ్ (పట్టీ బిగించే కొమ్ము) కొస నుంచి కింది లగ్ కొస దాకా కొలత అడగండి. మణికట్టు పైన బల్లపరుపుగా ఉన్న మేరకంటే అది ఎక్కువైతే వాచీ రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది. లగ్‌లు కిందికి వంగి ఉంటే 42 కూడా ఒదుగుతుంది, తిన్నగా పొడుగ్గా ఉంటే 38 కూడా ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆ కొలతకి కాగితం కత్తిరించి చేతి మీద పెట్టి చూసుకోండి.

మందం కూడా చూడాలి. ఎన్‌హెచ్35 మెషీనే 5.32 మిల్లీమీటర్లు. పైన అద్దం, కింద మూత కలిస్తే వాచీ 12, 13కి పోవడం మామూలే. ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంటే కఫ్ దగ్గర రోజూ కుస్తీయే.

కొత్తచెయ్యి:
కఫ్ సంగతి నాకు తట్టనే లేదు, నేను రోజూ ఫుల్‌హ్యాండ్సే. ఇంకో మాట, నేను చూసినదాని మీద 30 మీటర్లు అని ఉంది. ఈతకి పనికొస్తుందా?

సెకన్లముల్లు:
పనికిరాదు. అది ల్యాబులో కదలకుండా ఉంచి పెట్టే ఒత్తిడి లెక్క, లోతు కాదు. చేతులు కడుక్కున్నా, వానలో తడిసినా ఫర్వాలేదు. ఈతకైతే 100 ఉన్నదే తీసుకోండి. వీలైతే సఫైర్ అద్దం. దుమ్ములో ఉండే ఇసుక మామూలు అద్దాన్ని గీస్తుంది, సఫైర్‌ని గీయలేదు. (ఆ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జేనని అరవైలెక్క గారికి మనవి.)

మణికట్టు గారి మాట ఒప్పుకుంటాను. అరవైలెక్క గారికి మాత్రం ఒక ప్రశ్న. సొరుగులో మర్చిపోయిన క్వార్ట్జ్‌లో సెల్ కారి లోపలంతా తినేస్తే? చవక క్వార్ట్జ్ మెషీన్‌ని ఎవరూ బాగుచెయ్యరు, తీసి పారేసి కొత్తది వేస్తారు. మెకానికల్‌ని అయిదారేళ్లకోసారి విప్పి, కడిగి, ఆయిల్ వేస్తే ముందు తరానికి కూడా పనికొస్తుంది.

అరవైలెక్క:
సెల్ కారే మాట నిజం. ఆగిపోయిన వాచీలోంచి సెల్ తీయించెయ్యాలి. కానీ ఆ అయిదారేళ్ల సర్వీసింగ్‌కి అయ్యే ఖర్చు, అది బాగా చేసే మనిషిని వెతుక్కునే పాట్లు మీరు చెప్పలేదు. చవక ఆటోమేటిక్‌కి కూడా చాలాచోట్ల మెషీన్ మొత్తం మార్చేస్తారు, ఆ మాటకొస్తే. సెల్ బెడద వద్దనుకుంటే సిటిజన్ ఎకో-డ్రైవ్ లాంటి సోలార్ క్వార్ట్జ్ ఉంది, వెలుగుతోనే నడుస్తుంది.

కొత్తచెయ్యి:
శని, ఆదివారాలు నేను వాచీ పెట్టేది అనుమానమే. పైగా కఫ్ గొడవ. పల్చటి సోలార్ ఒకటి చూస్తాను. ఆటోమేటిక్ మీద మనసు పూర్తిగా పోలేదు, అది తర్వాతి మాట.

సెకన్లముల్లు:
సరే, అలాగే కానివ్వండి. అయితే సోలార్‌ని రోజంతా కఫ్ కింద దాచేసి, రాత్రికి బీరువాలో పెడితే ఛార్జ్ ఎక్కదు. ఇంటికి రాగానే డయల్ పైకి ఉండేలా కిటికీ దగ్గర పెట్టండి.

అరవైలెక్క:
కిటికీ దగ్గరంటే వెలుతురులో. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వద్దు, ఆ వేడికి లోపల ఛార్జ్ దాచుకునే సెల్ పాడవుతుంది.