జడ్పీ హైస్కూల్లో రగ్బీ సెవెన్స్ మొదలుపెడదామనుకుంటున్నా, దారి చెప్పండి

పలాస పీఈటీ:

అందరికీ నమస్కారం. పలాస దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీని. మా పిల్లలు కబడ్డీ, ఖోఖో బాగా ఆడతారు. కానీ ఆ రెండింట్లో పోటీ విపరీతం, జిల్లా సెలక్షన్లు దాటి ఒకరిద్దరు కూడా నిలబడటం లేదు. 2025లో బిహార్‌లో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో రగ్బీ సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) చూశాక, మా పిల్లలూ ఇది ఆడగలరనిపించింది. స్కూల్ గేమ్స్ జాబితాలోనూ ఉంది.

చిక్కులు చాలానే ఉన్నాయి. మా గ్రౌండ్ గట్టి నేల, వాన పడితే తప్ప మెత్తబడదు. సగం మందికి బూట్లు లేవు. ఉన్నది ఒక్క బంతి, అదీ పెద్దవాళ్లు ఆడేది. "కాళ్లూ చేతులూ విరిగితే ఇంట్లోవాళ్లకి నువ్వే సమాధానం చెప్పుకో, అయినా అది మన ఆటా?" అన్నారు మా హెచ్‌ఎం గారు. దగ్గర్లో క్లబ్బులేవీ లేవు. ఏడు, ఎనిమిది తరగతులతో మొదలుపెడదామని. ముందు ట్యాక్లింగ్ (బంతి ఉన్నవాళ్లని పట్టి కింద పడేయడం) నేర్పాలా, రూల్స్ చెప్పాలా?

కూతగాడు:

మాస్టారూ, కబడ్డీలో పట్టడం వచ్చిన పిల్లలకి రగ్బీ ఎంతసేపు? డైరెక్టుగా దింపేయండి. రెండు ఆటల్లోనూ ఏడుగురే కదా!

ఖరగ్‌పూర్ అక్క:

కూతగాడు గారూ, ఏమీ అనుకోకండి. మీరు చెప్పినదాంట్లో సగం నిజం, మిగతా సగం ఎముకల డాక్టరుకి లాభం.

మాది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు కుటుంబం. నేను రగ్బీ నేర్చుకున్నది కోల్‌కతా మైదాన్‌లో, ఇప్పుడు శని, ఆదివారాలు చిన్నపిల్లలకి నేర్పుతుంటాను. కబడ్డీ నుంచి వచ్చిన పిల్లలంటే నాకు ఇష్టమూ ఉంది, భయమూ ఉంది. కబడ్డీలో పట్టు దొరికాక కూత ఆగేదాకా వదలరు. రగ్బీలో అవతలివాడు నేల మీద పడగానే వదిలేయాలి, లేకపోతే పెనాల్టీ. పడ్డవాడు బంతినీ వదలాలి. కబడ్డీలో పట్టే మన స్టాపర్లు తొడ దొరికితే ఎత్తేస్తారు కూడా. రగ్బీలో మనిషిని అలా ఎత్తి తలకిందులుగా పడేస్తే రెడ్ కార్డ్ చూపిస్తారు. భుజాలకి పైన పట్టుకోకూడదు, చేతులు చుట్టకుండా భుజంతో గుద్దకూడదు. ఏమీ రానివాళ్లకి నేర్పడం సులువు, అలవాటు పడ్డ చేతుల్ని దారిలో పెట్టడమే కష్టం.

కాబట్టి మాస్టారూ, మొదటి టర్మంతా ట్యాక్లింగ్ మాట ఎత్తకండి. ట్యాగ్ రగ్బీ ఆడించండి, అందులో మనిషిని పట్టడానికి బదులు రిబ్బన్ లాగుతారు. నడుముకి అటొకటి ఇటొకటి రిబ్బన్లు ఉంటాయి. కిట్ కొనక్కర్లేదు, పాత చీర అంచులు మూరెడు పొడవున చించి నిక్కరు ఎలాస్టిక్‌లో దోపితే చాలు. ముడి మాత్రం వేయనివ్వకండి, తెలివిగలవాళ్లు వేసేస్తారు. రిబ్బన్ లాగినవాళ్లు ఆగి, దాన్ని పైకెత్తి "ట్యాగ్" అని అరవాలి. బంతి ఉన్నవాళ్లు మూడు అడుగులు వేసేలోపు పాస్ ఇచ్చేయాలి. రిబ్బన్ చేతికి తిరిగిచ్చి, వాళ్లు దోపుకున్నాకే ఇద్దరూ మళ్లీ ఆటలోకి రావాలి.

అసలు తిప్పలు పాస్ దగ్గర. బంతిని చేత్తో ముందుకి ఇవ్వకూడదని చెప్పడానికి నిమిషం చాలు, ఒంటికి పట్టడానికి నెలలు. ముందు స్నేహితురాలు కనిపిస్తే చెయ్యి దానంతటదే విసిరేస్తుంది. నలుగురిని ఏటవాలుగా నిలబెట్టి నడిపించండి, పరుగు వద్దు. బంతి రెండు చేతుల్లో పట్టుకుని నడుము ఎత్తులో అడ్డంగా ఊపి వదలాలి. వదిలాక వేళ్లు అందుకునేవాళ్ల వైపే ఉండాలి. అందుకునేవాళ్లు ముందే చేతులు చాపి పేరు పెట్టి పిలవాలి. ఎవరైనా బంతిని దాటి ముందుకొస్తే అందరూ ఆగి మళ్లీ మొదటినుంచి. మీ ఖోఖో అమ్మాయిలు ఇక్కడే మెరుస్తారు చూడండి, ఒక్క అడుగులో దిక్కు మార్చడం వాళ్లకి ముందే వచ్చు. మీ దగ్గరున్నది ఐదో నంబరు బంతి అయ్యుంటుంది, ఈ వయసు చేతులకి నాలుగో నంబరు కావాలి.

సెవెన్స్ అంటే చిన్న ఆట అనుకుంటారు. ఒక్కో హాఫ్ ఏడు నిమిషాలే, మధ్యలో రెండు నిమిషాల విరామం. కానీ గ్రౌండ్ మామూలు రగ్బీలో జట్టుకి పదిహేనుమంది ఆడేదే, 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ఒక్కరు తప్పిపోతే వెనక దిక్కుండదు, నేరుగా ట్రై (మన చివరి గీత దాటి బంతిని నేలకి ఆనించడం), ఐదు పాయింట్లు పోయినట్టే. పిల్లల్ని అందులో దింపితే బాగా పరిగెత్తే ఇద్దరే ఆడతారు, మిగతా ఐదుగురూ చూస్తారు. అటు నలుగురు, ఇటు నలుగురుతో ఖోఖో కోర్టుకి కాస్త పెద్ద జాగాలో మొదలెట్టండి.

రెండో టర్మ్‌లో ట్యాక్లింగ్. మీ స్కూల్లో లాంగ్ జంప్ పిట్ ఉండే ఉంటుంది. ఇసుక పారతో తిరగదోడించి, ఇద్దరిద్దరిని మోకాళ్ల మీద కూర్చోబెట్టండి. చెంప అవతలివాళ్ల పిరుదు పక్కకి ఆనాలి, తల ఎప్పుడూ వెనక వైపే ఉండాలి. ముందు వైపు పెడితే పడ్డప్పుడు కింద పడి నలిగేది ఆ తలే. మోకాళ్ల మీద అందరికీ కుదిరాకే లేచి నిలబడటం, ఆ తర్వాత నడక.

మన ఆటా అన్న హెచ్‌ఎం గారికి ఒక ముచ్చట చెప్పండి. 1870ల్లో కలకత్తాలో ఒక రగ్బీ క్లబ్ మూతపడితే, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయల్ని కరిగించి కప్పు చేయించారు. కలకత్తా కప్ పేరుతో ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఇప్పటికీ ఆడేది దానికోసమే. ఆయనకి అది ఆనకపోతే దగ్గరి కథ ఉంది. భువనేశ్వర్ కిస్ సంస్థలో చదివే గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 అంతర్జాతీయ స్కూల్ టోర్నమెంట్ గెలిచొచ్చారు. భారత రగ్బీ జట్టుకి ఆడిన స్వీటీ కుమారి కూడా బిహార్‌లో పరుగు పందాల నుంచి రగ్బీకి వచ్చినదే. మీకు హైదరాబాద్ కంటే భువనేశ్వర్ దగ్గర, రైలెక్కితే కొన్ని గంటల్లో దిగుతారు. ముందే మాట్లాడుకుని పిల్లల్ని ఒకసారి అక్కడి ప్రాక్టీస్ చూపించండి.

క్లబ్ లేదని ఆగకండి. పదో తరగతితో ఆట ఆగిపోవడమే మన దగ్గర పెద్ద జబ్బు, ముఖ్యంగా ఆడపిల్లలకి. పాస్ అయి వెళ్లినవాళ్లని ఆదివారం పొద్దున్నే అదే గ్రౌండ్‌కి రమ్మనండి. చిన్నవాళ్లకి రిఫరీలు వాళ్లే, కోచ్‌లు వాళ్లే. బోర్డు, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చు. కోల్‌కతాలో 2004లో పాల్ వాల్ష్ మొదలుపెట్టిన జంగిల్ క్రోస్ రగ్బీ క్లబ్ కూడా పేద పిల్లల్ని మైదాన్‌లో పోగుచేసి ఆడించినదే.

ఆక్లాండ్ నాన్న:

అక్క చెప్పిన ట్యాగ్ ఆటని ఇక్కడ న్యూజిలాండ్‌లో రిప్పా రగ్బీ అంటారు. మా అమ్మాయి స్కూల్లో ఆడుతుంది. ఆల్ బ్లాక్స్ (ఇక్కడి జాతీయ రగ్బీ జట్టు) దేశంలో కూడా చిన్నపిల్లలకి ముందు ఇదే. బూట్ల గురించి టెన్షన్ పడకండి, ఇక్కడ చలికాలం పొద్దున కూడా పిల్లలు ఉత్త కాళ్లతో ఆడటం మామూలే. కాకపోతే ఇక్కడ పచ్చిక, మీది గట్టి నేల, రాళ్లన్నీ ఏరించాకే దింపండి. ట్యాక్లింగ్ మొదలైతే మాత్రం మౌత్‌గార్డ్ (పళ్లకి పెట్టుకునే రక్షణ తొడుగు) తప్పనిసరి. స్కోరు గురించి గీత అవతల నుంచి అరిచేది మా ఇండియన్ నాన్నలమే, అది వేరే సంగతి.

పలాస పీఈటీ:

అందరికీ ధన్యవాదాలు. అక్కా, ఆడపిల్లల ఇళ్లల్లో ఏం చెప్పమంటారు? ఖోఖోకి పంపేవాళ్లు కూడా దీనికి జంకుతున్నారు.

ఖరగ్‌పూర్ అక్క:

చెప్పకండి మాస్టారూ, పిలిచి చూపించండి. స్కూల్ వదిలే వేళకి ట్యాగ్ ఆట పెట్టండి, తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మలు గేటు దగ్గరే నిలబడి చూస్తారు. ఒక్కరు మాత్రం అడుగుతారు, తలకి తగిలితే ఎట్లా అని. దానికి ఈ రూల్ రాసిన కాగితం సిద్ధంగా ఉంచుకోండి. తలకి దెబ్బ అని అనుమానం వచ్చినా ఆ రోజుకి ఆట లేదు, పిల్ల "బాగానే ఉన్నా" అన్నా సరే. డాక్టర్ చూసి ఒప్పుకునేదాకా బంతి ముట్టనివ్వరు. హెచ్‌ఎం గారి సంతకం కూడా దాని మీదే పెట్టించండి.