కాగితం బొంతకు జిగురు పెట్టొచ్చా, వద్దా?

లెక్కలమ్మ, నల్లగొండ:
మా ఎనిమిదో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కు కాగితం బొంత చేస్తున్నారు. సొనోబే ముక్కలే, అంటే చదరపు కాగితాన్ని మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చేవి, కానీ బంతిలా కాకుండా బల్లపరుపుగా పరుస్తున్నారు. ఏ4 కాగితాన్ని ఇటు మూడు, అటు రెండుగా కోస్తే 99 మిల్లీమీటర్ల చదరాలు ఆరు వస్తాయి, సన్నటి పేలిక ఒకటి మిగులుతుంది. మడిచాక ఒక్కో ముక్కకు రెండు రెక్కలు, రెండు జేబులు. ఒకదాని రెక్క పక్కదాని జేబులో దూరాలి. ఎర్రవి అడ్డంగా, నల్లవి నిలువుగా, మొత్తం 81. బల్ల మీద చక్కగా ఉంటుంది, గోడకు పెట్టగానే జారుతోంది. హెడ్మాస్టర్ గారేమో "ఫెవికాల్ పూసేయండమ్మా, ఇంత టెన్షన్ ఎందుకు" అంటున్నారు. జిగురు పెడితే అది ఓరిగామి (కాగితం మడిచే కళ) ఎట్లయితదని పిల్లల గొడవ. మీరేమంటారు?

దేవరకొండ పోరడు:
పూసేయండి మేడం. జడ్జి వచ్చి జేబుల్లో వేలు పెట్టి చూస్తాడా? ఆయన చూస్తుండగా ఊడి కిందపడితే మాత్రం పిల్లల మొహాలు చూడలేం.

పాలమూరు కాగితం:
అన్నా, రెక్క జేబులో ఇమిడేలా మడవడమే ఇక్కడ పని. జిగురుతో అంటించేటట్టయితే అంత మడత ఎందుకు, చదరాలు కోసి అట్ట మీద అతికిస్తే సరిపోదా? ఆరు ముక్కల క్యూబ్, 30 ముక్కల ముళ్ల బంతి చుక్క జిగురు లేకుండా నిలబడతాయి.

మిర్యాలగూడ అక్క:
తమ్ముడూ, జిగురు ముట్టకూడదన్న పట్టుదల మరీ అంత పాతది కాదు. జపాన్‌లో కుసుదామా బంతులను, అంటే కాగితం ముక్కలు కలిపి చేసే అలంకారపు బంతులను, దారంతో కుట్టేవాళ్లు, అంటించేవాళ్లు కూడా. 1797లో అక్కడ అచ్చయిన కొంగల పుస్తకంలో ఒకే కాగితానికి గాట్లు పెట్టి, ఒకదానికొకటి అంటుకుని ఉండే కొంగలు చేయించారు. కత్తెర పనికొచ్చింది మరి! సొనోబే ముక్క 1968లో ఒక జపాన్ పత్రికలో కనబడిందే మొదలు. పెద్దవాళ్లు చేసిన పనిని మనం తప్పంటే ఎట్లా?

పాలమూరు కాగితం:
అక్కా, కుసుదామా సంగతి ఒప్పుకుంటా. కానీ మేడం చేస్తున్నది సొనోబే కదా. క్యూబ్‌లో ప్రతి ముక్కను నాలుగు వైపుల నుంచీ పక్క ముక్కలు పట్టుకుంటాయి, ఎక్కడా అంచు ఉండదు. బొంతకు నాలుగు అంచులున్నాయి, అక్కడ పట్టుకునేవాళ్లు లేరు. జారుడు అక్కడే మొదలవుతుంది. అంటే తిప్పలు అంచులతో, లోపలి ముక్కలకు జిగురు పూసి లాభం లేదు.

దేవరకొండ పోరడు:
బరువు సంగతి? పై వరుస మొత్తం మోయాలి కదా.

లెక్కలమ్మ, నల్లగొండ:
బాబూ, చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే కాగితమైతే ముక్క ముప్పావు గ్రాము కూడా లేదు, బొంతంతా కలిపి 60 గ్రాములు. గదిలో ఫ్యాన్ ఆపితే చాలాసేపు కదలదు, వేస్తే కింది వరుస ఊగి రెక్కలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఇంకోటి, పిల్లలు స్కేలు పెట్టి చూశారు. పైకి కనిపించే చదరం 35 మిల్లీమీటర్లు, అంటే కోసిన కాగితం వైశాల్యంలో సరిగ్గా ఎనిమిదో వంతు. మిగతాదంతా ఎక్కడికి పోయిందని వాళ్లే ఒక ముక్క విప్పుకుని చూశారు. అంటించేస్తే అది ఎట్లా విప్పుతారు?

పుట్టపాక మగ్గం:
టీచరమ్మా, మా ఇంట్లో తేలియా రుమాల్ (నూలుకు ముందే రంగులద్ది నేసే బట్ట) నేస్తారు. ముందు గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, నూలుకు కట్లు కట్టి రంగు అద్దాకే మగ్గం దగ్గరికి పోతాం. నేసేటప్పుడు పోగు కొంచెం జరిగితే చేత్తో సర్దుకుంటాం. పిల్లలక్కూడా ఒక ఎర్రది తప్పు చోట పడిందని చివర్లో తెలుస్తుంది, అప్పుడు తీసి మార్చే వీలుండాలి. పైగా నీళ్లలాంటి తెల్ల జిగురు పడితే పల్చటి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. వెనక థర్మాకోల్ షీటు పెట్టి, చుట్టు వరుసలోని 32 ముక్కలకు గుండు సూదులు గుచ్చండి. షీటును నిలువుగా కాకుండా కాస్త వాల్చి పెట్టండి.

దేవరకొండ పోరడు:
ఆటోలో కలెక్టరేట్ దాకా పోయేసరికి సూదులు ఏమైతయో! నేనైతే పూసేస్తా.

మిర్యాలగూడ అక్క:
అంత భయమైతే విప్పి అట్ట డబ్బాలో వేసుకెళ్లి అక్కడ కట్టుకోవచ్చు కదా. వరుస వరుసకు రబ్బర్ బ్యాండ్ వేస్తే కలిసిపోవు.

లెక్కలమ్మ, నల్లగొండ:
అది బాగుందక్కా. అక్కడ కట్టుకోవడానికి టైం ఇస్తారేమో రేపు కనుక్కుంటా. ఇవ్వకపోతే చుట్టు వరుసకు మాత్రం గ్లూ స్టిక్, అదీ వెనక వైపు. లోపలి 49 ముక్కలకు మాత్రం పూయనివ్వను, హెడ్మాస్టర్ గారితో నేను మాట్లాడుకుంటా.

పాలమూరు కాగితం:
గ్లూ స్టిక్ కూడా జిగురే మేడం 🙂