డిజిటల్ కెమెరాలు నిజంగా చవకయ్యాయా?

మసకవెలుగు
ఎలక్ట్రానిక్స్ ఏదైనా ఏటేటా చవకవుతుందని అందరూ అంటారు. టీవీల సంగతి ఒప్పుకుంటాను. కెమెరాల దగ్గర మాత్రం ఆ మాట చెల్లదని నా వాదన. 2003లో కానన్ 300డీ లెన్సుతో కలిపి 999 డాలర్లకు వచ్చింది. వెయ్యి లోపు డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకోగలిగే కెమెరా) అంటే అప్పట్లో సంచలనం. ఇప్పుడు ఓ మోస్తరు మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని కొత్త రకం) కావాలంటే లెన్సు లేకుండానే 1,500 పెట్టాలి. ఫ్యూజీ ఎక్స్100 2011లో 1,199 ఉండేది, 2024లో వచ్చిన ఆరో తరం 1,599. లెన్సు మార్చే వీలు కూడా లేని కెమెరా అది! కంపెనీలు మనల్ని నెమ్మదిగా ఖరీదైన మోడళ్ల వైపు నెడుతున్నాయి. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

ఐఎస్ఓవంద
లెక్కలే కదా, తీసుకోండి. 2003 నాటి 999 డాలర్లు ఈనాటి విలువలో దాదాపు 1,700. అంత పోస్తే వచ్చింది 6.3 మెగాపిక్సెల్స్, వెనక అగ్గిపెట్టెంత స్క్రీన్. వీడియో లేనే లేదు. అదే కానన్ 2023లో ఆర్100ని లెన్సుతో 600 డాలర్లకు ఇచ్చింది, 24 మెగాపిక్సెల్స్‌తో.

ఇంకా వెనక్కి వెళ్తే మీ వాదన అసలు నిలబడదు. 1991లో కోడక్ డీసీఎస్ 1.3 మెగాపిక్సెల్స్, ధర 20 వేల డాలర్ల పైమాటే. ఫోటోలు దాచుకోవడానికి 200 ఎంబీ హార్డ్ డిస్క్ పెట్టెను భుజాన వేలాడదీసుకోవాలి. 1999లో నికాన్ డీ1 వచ్చి ధరను 5 వేల దగ్గరికి దించాకే చాలా పత్రికల ఫోటోగ్రాఫర్లు ఫిల్మ్ వదిలారు. ఫుల్‌ఫ్రేమ్ (వెలుతురును ఫోటోగా మార్చే చిప్, అంటే సెన్సర్, పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉండే కెమెరాలు) సంగతి చూద్దాం: 2002లో కానన్ 1డీఎస్ 8 వేలు, 2005లో 5డీ 3,299, 2023లో ఆర్8 1,499. సెన్సర్ సైజు మాత్రం మూడింటిలోనూ ఒకటే.

మసకవెలుగు
ఆర్100 ఉదాహరణ మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. దానికి టచ్ స్క్రీన్ ఉందా? 2023లో టచ్ లేని కెమెరా! 4కే వీడియో పెడితే ఫ్రేమ్ అంచులు బాగా కోసేస్తుంది. ఇది చవక కెమెరా కాదండీ, పై మోడల్ కొనిపించడానికి పెట్టిన ఎర.

పాతఫర్మ్‌వేర్
ఎర వేయడం ఈనాటిది కాదు మసకవెలుగు గారూ. మీరు మెచ్చుకుంటున్న 300డీ కూడా అలాంటిదే. అందులో సెన్సర్ అప్పట్లో 1,499 డాలర్లున్న కానన్ 10డీ సెన్సరే. ఫ్లాష్ ఎక్స్‌పోజర్ సవరణ (ఫ్లాష్ వెలుతురు పెంచడం, తగ్గించడం), మిర్రర్ లాకప్ (ఫోటోకి ముందే అద్దాన్ని పైకెత్తి ఉంచడం) లాంటివి సాఫ్ట్‌వేర్‌లో తాళం వేసి అమ్మారు. జనం ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) మార్చేసి ఆ తాళాలు తీసుకున్నారు, అది వేరే కథ. వెయ్యి డాలర్ల విప్లవం వెనకున్న కిటుకు అదీ.

సిలికాన్
ఇద్దరూ ధరల పట్టీలే చదువుతున్నారు, ధర ఎందుకు దిగదో ఎవరూ చెప్పడం లేదు. ప్రాసెసర్లు, మెమరీ చవకవ్వడానికి కారణం వాటిలోని భాగాలను ఏటా ఇంకా చిన్నవి చేయగలగడం. చిప్ చిన్నదైతే ఒకే సిలికాన్ పలకలో ఎక్కువ చిప్‌లు పడతాయి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌తో ఆ పని కుదరదు. 36 బై 24 మిల్లీమీటర్లు అంటే అంతే ఉండాలి, ఎందుకంటే మనకు కావలసింది వెలుతురు పట్టే వైశాల్యం. పలకకు కొన్నే వస్తాయి. ఎక్కడైనా ఒక లోపం పడితే అంత పెద్ద ముక్కా పనికిరాకుండా పోవచ్చు. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి అదే పలకలో ఎన్నో వస్తాయి, ఒకటి పోయినా నష్టం తక్కువ. అందుకే కెమెరాలో మెమరీ కార్డు, ప్రాసెసర్, స్క్రీన్ అన్నీ చవకైనా సెన్సర్ అంత వేగంగా దిగలేదు. కార్డు సంగతే చూడండి: 1999లో ఐబీఎం మైక్రోడ్రైవ్ (కార్డు సైజు హార్డ్ డిస్క్) 340 ఎంబీకి 499 డాలర్లు. ఈరోజు అంత తక్కువ ఎంబీల కార్డు దాదాపు దొరకదు.

మసకవెలుగు
వివరణ బాగుంది సిలికాన్ గారూ, కాదనను. కానీ ఎక్స్100లో ఉన్నది ఫుల్‌ఫ్రేమ్ కాదే? పైగా ఆ ఆరో తరం దొరక్క జనం అసలు ధరకంటే ఎక్కువ పెట్టి కొన్నారు. అది సిలికాన్ మహిమ కాదు, గిరాకీ మహిమ.

షట్టర్‌శబ్దం
గిరాకీ అనే మాట వచ్చింది కనుక చెప్తాను. కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్క ప్రకారం 2010లో ప్రపంచానికి పంపిన డిజిటల్ కెమెరాలు దాదాపు 12 కోట్లు. 2023లో 77 లక్షలు. పోయినవాటిలో ఎక్కువ భాగం కాంపాక్టులే (జేబులో పట్టే చిన్న కెమెరాలు), అవి ఫోన్లలో కలిసిపోయాయి. కొత్త ఆటోఫోకస్ తయారు చేయడానికి పెట్టే పరిశోధన ఖర్చు మాత్రం అమ్మకాలతో పాటు తగ్గదు. పదో వంతు కూడా లేని కెమెరాల మీద ఆ ఖర్చు రాబట్టాలి. నేనైతే దీన్ని దోపిడీ అనను. కాంపాక్టుల వ్యాపారం నుంచి కాసియో 2018లో తప్పుకుంది, ఒలింపస్ 2021 మొదట్లో కెమెరా విభాగాన్నే వదిలించుకుంది. దోచుకునేవాళ్లు దుకాణం మూసుకుపోరు కదా.

గాజుకన్ను
బాడీ (లెన్సు లేని కెమెరా) ధర గురించి ఇంత కొట్లాట దేనికి? అసలు ఖర్చు లెన్సుల్లో ఉంది. కానన్ 2018లో ఆర్ఎఫ్ మౌంట్ (కెమెరాకు లెన్సు బిగించే అమరిక) తెచ్చి, బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులకు తలుపు మూసింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు కాస్త తెరిచింది, అదీ చిన్న సెన్సర్ కెమెరాలకే. సోనీ 2011లోనే తన మౌంట్ వివరాలు ఇతరులకు ఇచ్చింది కాబట్టి అక్కడ చవక లెన్సులకు కొదవ లేదు. ఐఎస్ఓవంద గారి ఆర్8 చవకే, దానికి బిగించడానికి ఏం కొంటారో కూడా లెక్కలో వేయండి.

ఐఎస్ఓవంద
వేస్తా. కానన్ 24-70 ఎఫ్2.8 జూమ్ లెన్సు రెండో వెర్షన్ 2012లో 2,299 డాలర్లు. 2019లో ఆర్ఎఫ్‌కి వచ్చినదీ 2,299, ఈసారి వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ కూడా ఇచ్చి. పెరిగిందెక్కడ?

గాజుకన్ను
మీరు చెప్పింది పై తరగతి లెన్సు. నేను మాట్లాడేది మొదటిసారి కెమెరా కొనేవాడి గురించి.

కొత్తగావచ్చా
ఆ మొదటిసారి కొనేవాణ్ణి నేనే అన్నా. ఇదంతా చదివాక టెన్షన్ పెరిగింది తప్ప ఏం కొనాలో అర్థం కాలేదు. వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకుంటే తప్పా?

పాతఫర్మ్‌వేర్
తప్పేం లేదు. 2020 తర్వాత కానన్, నికాన్ రెండూ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు. అందరూ మిర్రర్‌లెస్‌కి మారుతుంటే పాతవి ధర బాగా దిగి అమ్ముడవుతున్నాయి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో (అంటే ఎన్ని ఫోటోలు తీశారో) అడుగు, సెన్సర్ మీద గీతలున్నాయేమో చూడు, బ్యాటరీ కొత్తది కొనుక్కో. పాత సీసీడీ (ఒకప్పటి రకం సెన్సర్) కాంపాక్టుల జోలికి మాత్రం పోకు. "ఆ రంగులు వేరు" అని ఎగబడి వాటి ధరలు పెంచేశారు.

మసకవెలుగు
చూశారా, ఐదు మెగాపిక్సెల్స్ డబ్బా ధర కూడా పెరిగింది. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే కదా!

సిలికాన్
దానికి కంపెనీలను తిట్టకండి మహానుభావా, అది మనలాంటివాళ్లు ఒకళ్లకొకళ్లు అమ్ముకుంటున్న ధర.